పాటించకూడని సలహాలు: ఆండ్రాయిడ్‌లో అక్షరం, కీబోర్డు, ఎంటర్

పొదుపు సంఘాల కోసం చేసిన ఒక యాప్‌లో పేరు రాసే గడి నా చేతి పని. ఆ గడి దాటి వచ్చిన సభ్యురాళ్ళ జాబితా కాగితం మీద ఇలా అచ్చయింది: లకషమ, సజత, పదమ, వజయ, కమల. మొదటి నలుగురి అసలు పేర్లు లక్ష్మి, సుజాత, పద్మ, విజయ. ఐదో ఆవిడ నిజంగా కమలే. ఆమె పేరులో గుణింతం లేదు, ఒత్తు లేదు, అందుకే ఏమీ కాలేదు. మేం ఆఫీసులో పరీక్షించడానికి ప్రతిసారీ రాసిన పేరూ కమలే.

ఆ కాగితం పట్టుకొచ్చిన సంఘం లీడరు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నాకు ఫోన్లో కొట్టడం సరిగ్గా రాలేదేమో బాబూ." ఆవిడ సరిగ్గానే కొట్టారు. చెడగొట్టింది నేను. యాప్‌లో తప్పుంటే రాసేవాళ్ళు యాప్‌ని తిట్టరు, తమ వేళ్ళని తిట్టుకుంటారు. రెండుసార్లు అలా జరిగితే తెలుగులో రాయడమే మానేసి, ఇంగ్లిషు అక్షరాల్లో "lakshmi" అని కొట్టుకుని సరిపెట్టుకుంటారు.

ఆ గడికి నేను పెట్టిన వడపోత నా సొంత ఆలోచన కాదు, ఒక సీనియర్ ఇచ్చిన సలహా. అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లో, ఆఫీసులో పక్క కుర్చీలో, ఎవరో పంపిన కోడ్ ముక్కలో ఇలాంటి సలహాలు చేతులు మారుతూ ఉంటాయి. ప్రతిదీ ఎప్పుడో ఎవరికో ఒక ఇబ్బంది తీర్చిందే. నేను పాటించి, తర్వాత విప్పుకోవాల్సి వచ్చినవాటిని ఇక్కడ పెడుతున్నాను. కొత్తగా ఆండ్రాయిడ్ పనిలోకి వస్తున్నవాళ్ళు వీటిని వింటారు. వినండి, పాటించకండి.

"పేరు గడిలో అక్షరాలు తప్ప ఇంకేమీ రానివ్వకు"

పేరులో అంకెలు, అడ్డదిడ్డమైన గుర్తులు రాకూడదన్నది దీని ఉద్దేశం. దానికి అందరూ వాడే దారి, వచ్చిన ప్రతి క్యారెక్టర్‌నీ "ఇది అక్షరమా?" అని జావాలోని ఈజ్‌లెటర్‌తో అడిగి, కాదంటే తీసేయడం. ఇంగ్లిషుకి ఇది చక్కగా పనిచేస్తుంది. తెలుగుకి చెయ్యదు. యూనికోడ్ లెక్కలో క, ల, మ అక్షరాలు. గుడి, కొమ్ము, ఏత్వం, సున్న, పొల్లు అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే గుర్తులు. కాబట్టి ఈజ్‌లెటర్ జల్లెడ మీద "తెలుగు" పోస్తే కింద మిగిలేది "తలగ".

ఇది తెలిసినవాళ్ళు ఈజ్‌ఆల్ఫబెటిక్ వాడమంటారు. దానితో గుణింతాలు నిలుస్తాయి, పొల్లు మాత్రం పోతుంది. పొల్లు లేకపోతే ఒత్తు లేదు. పద్మ మళ్ళీ పదమే, లక్ష్మి ఈసారి లకషమి. ఇంకొందరు మొత్తం తెలుగు యూనికోడ్ బ్లాకుని అనుమతించి, మిగతావి ఆపేస్తారు. ఇది మెరుగే, కానీ "రాజ్‌కుమార్" అనే పేరు చూడండి. జకారపు పొల్లు, కకారం కలిసిపోయి ఒత్తు కాకుండా వాటి మధ్య కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు ఉంటుంది. అది తెలుగు బ్లాకులోది కాదు, అన్ని లిపులకూ ఉమ్మడిది. దాన్ని తీసేస్తే ఆయన "రాజ్కుమార్" అవుతాడు. ఇక మన ఇంటిపేర్ల సంగతి: కె.వి. రమణ అని రాసుకునే మనిషికి చుక్క అవసరం, మధ్యలో ఖాళీ అవసరం.

పేరు గడిలో వడపోత అక్కర్లేదు. ఖాళీగా వదిలేశారా అని చూడండి, కొత్త లైను గుర్తులు ఉంటే తీసేయండి, అంతే. వెనకాల ఉన్న వ్యవస్థ ఇంగ్లిషు అక్షరాలే తీసుకుంటుందంటే ఆ మాట గడి పైన తెలుగులో రాసి పెట్టండి. చడీచప్పుడు లేకుండా గుణింతాలు కోసేయడం మాత్రం వద్దు.

"ఏ కీ నొక్కారో కనిపెడితే చాలు"

2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోనుకి పక్కకి జరిపితే బయటికొచ్చే నిజమైన కీబోర్డు ఉండేది. మీట నొక్కితే నొక్కినట్టు, వదిలితే వదిలినట్టు యాప్‌కి కబురొచ్చేది. 2009లో ఆండ్రాయిడ్ 1.5 వచ్చి తెర మీది కీబోర్డు తెచ్చింది. అప్పటి నుంచి కథ వేరు. తెర మీది కీబోర్డు మీ యాప్‌లో భాగం కాదు. అదొక వేరే యాప్, వేరే కంపెనీ చేసి ఉండొచ్చు, వాడేవాళ్ళు తమకి నచ్చింది పెట్టుకుంటారు. అది మీకు చాలావరకు మీటలు పంపదు. ఇన్‌పుట్ కనెక్షన్ అనే దారిలో "ఈ మాట పెట్టు", "ఈ మాట ఇంకా ఖాయం కాలేదు, తాత్కాలికంగా ఉంచు", "కర్సర్‌కి ముందున్నది ఒకటి తీసేయ్" అని చెబుతుంది. తెర కీబోర్డు మీద ప్రతి నొక్కుకీ కీ ఈవెంట్ వస్తుందన్న హామీ లేదని ఆండ్రాయిడ్ పత్రాల్లోనే ఉంది. జెల్లీబీన్, అంటే 2012 నాటి 4.1, లేదా ఆ తర్వాతి వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకి డిఫాల్ట్ కీబోర్డు కీ ఈవెంట్లు పంపదనీ అక్కడే రాసి ఉంది.

అయినా కీ లిజనర్ పెట్టి మీటలు లెక్కపెట్టమనే సలహా ఇంకా బతికే ఉంది. అది ఎక్కువగా దెబ్బ తీసేది ఓటీపీ తెరల మీద. ఆరంకెలకి ఆరు గడులు. ఒక అంకె పడగానే తర్వాతి గడికి దూకాలి, బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనక్కి రావాలి. వెనక్కి రావడానికి బ్యాక్‌స్పేస్ కీ ఈవెంట్ కోసం కాచుకుని ఉంటారు. కొన్ని కీబోర్డులు దాన్ని పంపుతాయి. కొన్ని "ముందున్నది ఒకటి తీసేయ్" అని మాత్రమే అంటాయి. గడి ఖాళీగా ఉంటే తీయడానికి ఏమీ లేదు, ఏమీ జరగదు. మూడో అంకె తప్పు కొట్టిన పెద్దాయన నాలుగో గడిలో ఇరుక్కుపోతాడు. మెసేజ్ నుంచి ఆరంకెలూ కాపీ చేసి అతికిద్దామంటే మొదటి గడి ఒక్క అంకె తీసుకుని మిగిలిన అయిదూ పారేస్తుంది.

గడి ఒక్కటే ఉండాలి. ఆరు డబ్బాల్లా కనిపించాలంటే గీతలు గీయండి, లోపల ఎడిట్‌టెక్స్ట్ మాత్రం ఒక్కటే. అప్పుడు చెరపడం కీబోర్డే చూసుకుంటుంది, అతికించడం పనిచేస్తుంది, ఓటీపీ అని ఆటోఫిల్ సూచన పెడితే ఫోనే నింపగలుగుతుంది.

ఇంకో మాట. మన ఊళ్ళలో ఎంతోమంది అసలు మీటలే నొక్కరు. మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. "మా బోరుబావి మోటారు కాలిపోయింది" అన్న వాక్యం మొత్తం ఒక్క మాటలా వచ్చి గడిలో పడుతుంది. చూపు లేనివాళ్ళు టాక్‌బ్యాక్‌లోని బ్రెయిలీ కీబోర్డుతో రాస్తారు. మీటలు లెక్కపెట్టే కోడ్‌కి ఈ మనుషులెవరూ కనబడరు.

"టెక్స్ట్ మారినప్పుడల్లా సరిచేసి మళ్ళీ పెట్టెయ్"

ఆధార్ సంఖ్య పన్నెండంకెలు, కార్డు మీద నాలుగేసి చొప్పున విడగొట్టి ఉంటుంది. యాప్‌లోనూ అలాగే కనబడాలని కోరుకోవడం సబబే. దానికి టెక్స్ట్‌వాచర్ పెట్టి, ప్రతి మార్పుకీ ఖాళీలు చేర్చి సెట్‌టెక్స్ట్ చేసేయమంటారు. ఆ ఒక్క సెట్‌టెక్స్ట్ ఎన్ని పనులు చేస్తుందో చూడండి. కర్సర్‌ని మొదటికి తీసుకుపోతుంది. టెక్స్ట్‌వాచర్‌ని మళ్ళీ పిలుస్తుంది, జాగ్రత్త పడకపోతే అది అంతు లేకుండా తనని తనే పిలుచుకుని యాప్ కూలిపోతుంది. అన్నిటికంటే చెడ్డది, కీబోర్డుతో ఉన్న సంభాషణని తెంచి మళ్ళీ మొదలుపెడుతుంది.

అంకెల దగ్గర ఆ తెగిపోవడం కనబడదు. తెలుగు దగ్గర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డుల్లో మాట ఒక్కసారిగా పుట్టదు. కింద గీతతో, ఇంకా ఖాయం కాని స్థితిలో కాసేపు ఉంటుంది. కీబోర్డు పైన నాలుగైదు సూచనలు చూపిస్తుంది, ఒకటి ఎంచుకుంటే అప్పుడు ఖాయమవుతుంది. ఆ కింద గీత ఉన్నంతసేపూ ఆ ముక్క కీబోర్డుది, మీది కాదు. మధ్యలో మీరు సెట్‌టెక్స్ట్ చేస్తే కీబోర్డు ఎక్కడున్నదీ మర్చిపోతుంది. సగం మాట అలాగే ఉండిపోతుంది, మిగిలిన సగం దాని పక్కన మళ్ళీ మొదలవుతుంది. "అమ్మ" రాయబోతే ముక్కలు ముక్కలుగా, రెట్టింపు అక్షరాలతో ఏదో పడుతుంది. అదృష్టం కొద్దీ ఎవరైనా స్క్రీన్ రికార్డు పంపితే తప్ప, ఇంగ్లిషు కీబోర్డుతో పరీక్షించేవాళ్ళకి ఈ తప్పు ఎన్నటికీ దొరకదు.

చూపించే రూపం వేరు, దాచుకునే విలువ వేరు అని విడదీసుకోండి. కంపోజ్‌లో దీనికి విజువల్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఉంది, కొత్త టెక్స్ట్‌ఫీల్డ్ స్టేట్ పద్ధతిలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఉంది. గడిలో పన్నెండంకెలే ఉంటాయి, తెర మీద మాత్రం విడివిడిగా కనబడతాయి. పాత వ్యూ పద్ధతిలో ఉన్నవాళ్ళు గడి వదిలి వెళ్ళాక ఖాళీలు చేర్చుకోవచ్చు. తెలుగు పడే అవకాశం ఉన్న ఏ గడిలోనైనా, రాస్తుండగా చెయ్యి పెట్టకండి.

కంపోజ్‌కి మారినంత మాత్రాన ఈ జబ్బు పోదు. ఆన్‌వాల్యూఛేంజ్‌లో వచ్చిన విలువని నేరుగా స్టేట్‌లో పెట్టకుండా, వ్యూమోడల్‌కి పంపి, అక్కడ ఫ్లోలో తిప్పి, డేటాబేసు తాకి, మళ్ళీ తెరకి తెచ్చేవాళ్ళున్నారు. శుభ్రమైన ఆర్కిటెక్చర్ అని దానికి పేరు. ఆ చుట్టు తిరిగి వచ్చేలోగా రాసేవాళ్ళు ఇంకో రెండక్షరాలు కొట్టేస్తారు. అక్షరాలు మాయమవుతాయి, కర్సర్ గంతులేస్తుంది. రాసే గడికీ దాని స్టేట్‌కీ మధ్య ఆలస్యం ఉండకూడదు. తనిఖీలు, సేవ్ చేయడాలు పక్కన జరగనివ్వండి.

"ఎంటర్‌ని పట్టుకో, ఎప్పుడూ ట్రూ రిటర్న్ చెయ్యి"

కీబోర్డు కుడి కింది మూల మీటకి ఎన్ని ముఖాలున్నాయో గమనించారా? ఒక గడిలో బాణం, ఒక గడిలో టిక్కు, వెతికే గడిలో భూతద్దం, మెసేజ్ గడిలో కాగితపు విమానం. ఆ ముఖం మీరు అడిగితే వస్తుంది. ఐఎంఈ ఆప్షన్స్‌లో నెక్స్ట్, డన్, సెర్చ్, సెండ్, గో అని పెట్టడం ఒక విన్నపం. అది ఎలా చూపించాలో, అసలు చూపించాలో లేదో కీబోర్డు ఇష్టం. మీరేమీ చెప్పకపోతే సిస్టమే చూసుకుంటుంది: కింద ఇంకో గడి ఉంటే నెక్స్ట్, లేకపోతే డన్. చాలా ఫారాలకి అంతకంటే అక్కర్లేదు.

అక్కరలేని చోట లిజనర్ పెట్టి, చివర ట్రూ రిటర్న్ చేయడం మొదటి పొరపాటు. ట్రూ అంటే "ఈ పని నేను చూసుకున్నాను, నువ్వేమీ చెయ్యకు" అని సిస్టమ్‌కి మాట ఇవ్వడం. మాట ఇచ్చి ఏమీ చేయకపోతే నెక్స్ట్ నొక్కినా కర్సర్ కదలదు, డన్ నొక్కినా కీబోర్డు మూసుకోదు. మనిషి నాలుగుసార్లు నొక్కి, ఫోను హ్యాంగ్ అయిందనుకుంటాడు. మీరు నిజంగా పని చేసినప్పుడే ట్రూ, మిగతా అన్నిటికీ ఫాల్స్. కంపోజ్‌లోనూ ఇంతే. ఆన్‌నెక్స్ట్‌కి మీ కోడ్ ఇచ్చారంటే కర్సర్‌ని తర్వాతి గడికి పంపే బాధ్యత కూడా మీకొచ్చింది. డిఫాల్ట్ యాక్షన్‌ని మీరే పిలవాలి.

రెండోది. ఆ లిజనర్‌కి మూడు విషయాలు వస్తాయి: ఏ గడి, ఏ యాక్షన్, ఏ కీ ఈవెంట్. తెర కీబోర్డు నుంచి వచ్చినప్పుడు ఈ మూడోది సాధారణంగా నల్. చేతులు మారిన కోడ్ ముక్కల్లో చాలావాటిలో నల్ చూడకుండానే దాన్ని ముట్టుకుంటారు, యాప్ అక్కడే కూలుతుంది. బ్లూటూత్ కీబోర్డు పెట్టుకున్న ట్యాబ్‌లోనో క్రోమ్‌బుక్‌లోనో కథ తిరగబడుతుంది. ఎంటర్ నొక్కితే యాక్షన్ డన్ అని రాదు, సున్నా అని వస్తుంది, ఈవెంట్ నిజంగానే ఉంటుంది. పైగా నొక్కినప్పుడు మీరు ట్రూ అంటే, వదిలినప్పుడు సిస్టమ్ ఆ లిజనర్‌ని ఇంకోసారి పిలుస్తుంది. చూసుకోకపోతే ఒక్క ఎంటర్‌కి దరఖాస్తు రెండుసార్లు వెళుతుంది. అది డబ్బు పంపే గడి అయితే ఏమవుతుందో ఆలోచించండి. ఈవెంట్ ఉంటే నొక్కినప్పటిదే తీసుకోండి. ఒక దరఖాస్తు పోతుండగా రెండోది పోకుండా పంపే చోట కూడా గొళ్ళెం పెట్టండి.

మూడోది నన్ను ఎక్కువ బాధించింది. అర్జీ రాసే గడి. అర్జీ ఎలా మొదలుపెడతాం? "గౌరవనీయులైన తహసీల్దారు గారికి," అని రాసి, కామా పెట్టి, కింది లైనుకి దిగుతాం. చిన్నప్పుడు బళ్ళో నేర్పిన పద్ధతి. దిగడానికి ఎంటర్ నొక్కుతాం. ఆ గడిలో ఎవరో ఎంటర్‌కి సెండ్ పెట్టారు. తహసీల్దారు గారికి సంబోధన మాత్రమే చేరింది. అవతల గుమాస్తా దాన్ని ఖాళీ అర్జీ అని మూసేశాడు. రాసినాయనకి "మీ అర్జీ పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది.

ఎక్కువ లైన్లు రాసే గడికి మల్టీలైన్ పెడితే ఆండ్రాయిడ్ తనంతట తానే ఎంటర్‌ని కొత్త లైనుకి వదిలేస్తుంది. దాన్ని వంచడానికి కసరత్తులు చేసి మరీ సెండ్ తెప్పించకండి. చిరునామా, అర్జీ, ఫిర్యాదు, అభిప్రాయం, ఈ గడుల్లో ఎంటర్ రాసేవాళ్ళది. పంపడానికి తెర మీద విడిగా బటన్ ఉండాలి. నిజానికి ప్రతి ఫారంలోనూ బటన్ ఉండాల్సిందే. ఎంటర్ ఒక దగ్గరి దారి మాత్రమే.

"డేటాబేసులో ముప్పైకి మించకూడదు కాబట్టి మ్యాక్స్‌లెంగ్త్ పెట్టు"

"స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. మ్యాక్స్‌లెంగ్త్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. "వెంకటేశ్వర్లు" నోటితో పలికితే అయిదక్షరాలు, లెక్కలో పదమూడు. గడి పరిమితి ఎనిమిదైతే "వెంకటేశ్" దగ్గర ఆగుతుంది. ఆ పేరుతో ఇంకో మనిషి ఊళ్ళో ఉంటాడు కూడా. ఆండ్రాయిడ్‌లోని లెంగ్త్ ఫిల్టర్ ఎమోజీల్లాంటి జంటల్ని సగానికి విరగ్గొట్టకుండా చూసుకుంటుంది, మన ఒత్తుల్ని మాత్రం చూసుకోదు. పరిమితి తప్పనిసరైతే రాసింది మొత్తం రానిచ్చి, కింద "ఇంత తగ్గించండి" అని చెప్పండి.

ఫోను నంబరు గడికి పది పెట్టడంలో ఇంకో చిక్కు ఉంది. కాంటాక్ట్స్ నుంచి కాపీ చేసిన నంబరు +91తో మొదలవుతుంది. పది దగ్గర కోస్తే ముందున్న +91 నిలిచి, వెనకున్న అసలు అంకెలు పోతాయి. అతికించిన మనిషి గడి నిండింది కదా అని ముందుకెళ్తాడు. ఓటీపీ ఎప్పటికీ రాదు. ముందు మొత్తం తీసుకుని, ఖాళీలు, +91 తీసేసి, ఆ తర్వాత పదంకెలున్నాయో లేదో చూడండి.

"నంబరు అంటే నంబరు కీబోర్డే"

డోర్ నంబరుకి అంకెల కీబోర్డు పెట్టిన యాప్‌లు నేను లెక్కలేనన్ని చూశాను. మన డోర్ నంబర్లలో గీతలుంటాయి, ఏటవాలు గీతలుంటాయి, చివర ఏ, బి ఉంటాయి. 12-4-56/2 అని రాయాల్సిన చోట ఏటవాలు గీతే లేని కీబోర్డు ఇస్తే మనిషి 124562 అని కొట్టి ఊరుకుంటాడు, పోస్టుమ్యాన్ వెతుక్కుంటాడు. తెలంగాణలో సర్వే నంబర్లకి 123/అ, 123/ఆ అని తెలుగు అక్షరాలతోనే ఉపవిభాగాలు ఉంటాయి. ఆ ఒక్క అక్షరం తేడాతో భూమి ఇంకొకరిది. పేరులో "నంబరు" అన్న మాట ఉన్నంత మాత్రాన అది అంకె కాదు. కూడికలు తీసివేతలు చేసే విలువలకే నంబరు కీబోర్డు ఇవ్వండి. పిన్‌కోడు, మొబైలు, ఆధార్ లాంటివి కూడికలు చేసేవి కాకపోయినా అన్నీ అంకెలే కాబట్టి వాటికీ ఇవ్వొచ్చు.

బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ పదకొండు క్యారెక్టర్లు, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లిషు ఓ అక్షరం పడితే దాన్ని సున్నాగా మార్చుకోవడం మీ పని, "తప్పు కోడ్" అని ఎర్రగా చూపించడం కాదు. పెద్దక్షరాలే రావాలని ఇన్‌పుట్ టైప్‌లో అడగడం కీబోర్డుకి సూచన మాత్రమే, అతికించినదాన్ని అది ఆపదు.

"సూచనలు రాకూడదంటే కనిపించే పాస్‌వర్డ్ రకం పెట్టు"

పెట్టొద్దు. మామూలు గడిని పాస్‌వర్డ్ అని కీబోర్డుకి అబద్ధం చెబితే, సూచనల పట్టీ మీద ఆధారపడి తెలుగు రాసేవాళ్ళకి తెలుగే దొరక్కుండా పోవచ్చు. సూచనలు వద్దని చెప్పడానికి వేరే జెండా ఉంది. రాసింది కీబోర్డు గుర్తుపెట్టుకోకూడదంటే దానికీ ఆండ్రాయిడ్ 8.0 నుంచి వేరే జెండా ఉంది.

"అర సెకను ఆగి కీబోర్డు తెరువు, తెర ఎత్తు తగ్గిందేమో చూడు"

ఇవి రెండూ ఒకప్పుడు గతిలేక పుట్టిన ఉపాయాలు. కీబోర్డు తెరవమంటే తెరుచుకునేది కాదు, ఎందుకంటే గడికి ఇంకా ఫోకస్ రాలేదు, కిటికీ ఇంకా సిద్ధం కాలేదు. అర సెకను ఆగితే నా ఫోన్లో పనిచేసింది. ఆరు వేల రూపాయల ఫోన్లో అర సెకను చాలలేదు. కీబోర్డు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తెర ఎత్తు ఎంత తగ్గిందో కొలిచేవాళ్ళం. తెరని రెండుగా చీల్చుకున్నా, తేలే కీబోర్డు పెట్టుకున్నా ఆ కొలత తప్పు.

2020లో ఆండ్రాయిడ్ 11 ఈ రెండిటికీ సరైన దారి ఇచ్చింది. కీబోర్డు ఉందా, ఎంత ఎత్తు ఆక్రమించింది అన్నది విండో ఇన్‌సెట్స్‌ని అడిగితే చెబుతుంది. ఆండ్రాయిడ్ 15ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు తెర అంచుల దాకా పరుచుకుంటాయి కాబట్టి ఇది ఇక తప్పించుకునేది కాదు. కీబోర్డు ఎత్తుకి తగ్గ జాగా మీరు వదలకపోతే కింద ఉన్న "సమర్పించు" బటన్ దాని వెనకే ఉండిపోతుంది. బ్యాక్ నొక్కితే కీబోర్డు దిగుతుందని మనకి తెలుసు. తెలియనివాళ్ళు ఫారం అక్కడే వదిలేస్తారు.

తెర తెరవగానే కీబోర్డు మీదికి ఎగరేయడం కూడా మానండి, వెతికే తెర తప్ప. ముందు వాళ్ళని చదవనివ్వండి.

"మన యూజర్లంతా ఇంగ్లిషులోనే కొడతారు"

అన్ని సలహాల కింద పునాదిలా ఉన్నది ఇదే. కొడతారు, నిజమే. తెలుగులో కొట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి విరిగితే ఇంకేం చేస్తారు? 2018 ఫిబ్రవరిలో జ్ఞ గుణింతానికి చెందిన ఒక్క తెలుగు అక్షరం చూపించబోయి ఐఫోన్లు కుప్పకూలాయి, యాపిల్ కొత్త వెర్షన్ విడుదల చేయాల్సి వచ్చింది. ప్రపంచమంతా ఆ అక్షరాన్ని వింతగా చూసింది. మనకది జ్ఞానంలో మొదటి అక్షరం. ఎన్నో ఇళ్ళల్లో ఎవరో ఒకరి పేరులో ఉండే జ్ఞ.

ఆ పొదుపు సంఘాల యాప్‌లో వడపోత తీసేసి, జాబితా మళ్ళీ అచ్చు వేయించి నేనే తీసుకెళ్ళాను. లీడరు గారు ఒక్కొక్క పేరూ పైకి చదివారు, వేలు పెట్టి చూసుకుంటూ. లక్ష్మి, సుజాత, పద్మ, విజయ, కమల. తర్వాత తన ఫోను తీసి ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న తన పేరుని చెరిపి తెలుగులో రాసుకున్నారు.

మీ యాప్ రేపు బయటికి వెళ్ళేముందు ఒక పావుగంట నాకివ్వండి. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టండి. పేరు గడిలో మీ అమ్మమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో, ఒత్తులతో సహా రాయండి. ఒకసారి కొట్టి, ఒకసారి మైకులో చెప్పి, ఒకసారి అతికించి. మధ్యలో చెరపండి. నెక్స్ట్ నొక్కండి. చిరునామా గడిలో రెండుసార్లు ఎంటర్ నొక్కండి. చివరికి సర్వర్‌కి చేరిన పేరు తెరిచి, ఒక్కో అక్షరం పైకి చదవండి.